ఓడప్రక్కనున్న గీత: శామ్యూల్ ప్లిమ్సాల్ జీవితము

విశాఖపట్టణపు రేవులో నిలిచియున్న సరకుల ఓడను దగ్గరగా చూచిన విద్యార్థులు దాని నడిమిభాగమున, నీటికి కొంచెము పైగా, ఒక వలయమును, ఆ వలయమునకు అడ్డముగా నొక గీతను గమనించియుందురు. ప్రక్కనే నిచ్చెనమెట్లవలె మరికొన్ని చిన్న గీతలుండును. ఉప్పునీటికంటె మంచినీట ఓడ లోతుగా మునుగునని మన ప్రకృతిశాస్త్ర పుస్తకములందు చదివితిమి గదా! ఆ గీతలు మంచినీటికొకటి, ఉష్ణసముద్రములకొకటి, వేసవికొకటి, శీతకాలమునకొకటి యని యేర్పడినవి. ఆ కాలమునకును ఆ నీటికిని తగిన గీత మునిగెనా, ఓడలో నియమమునకు మించిన బరువు వేసిరన్నమాట. లోకములోని నావికులందరు దీనిని ప్లిమ్సాల్ గీతయని పిలుతురు.

ఆ పేరుగల పురుషుడు నావికుడు కాడు, ఓడలు కట్టినవాడును కాడు. అతడొక బొగ్గు వర్తకుడు. అతడు శాసనమును సాధించిన కథ పలువురెరిగినదే. కాని సాధించిన శాసనములో మిగిలిపోయిన మినహాయింపుల కథను చెప్పువారు తక్కువ. మాకు ఆ రెండవ కథయే ముఖ్యముగా తోచుచున్నది. కావున దానిగూర్చి కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

శామ్యూల్ ప్లిమ్సాల్ 1824వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీని ఇంగ్లాండులోని బ్రిస్టల్ పట్టణమున జన్మించెను. అతని బాల్యములోనే కుటుంబము ఉత్తరదేశమునకు తరలి, తుదకు షెఫీల్డు నగరమున స్థిరపడెను. అచ్చట నతడొక సారాయి బట్టీలో గుమాస్తాగా ప్రవేశించి, క్రమముగా దానికి మేనేజరయ్యెను. 1853లో లండనునకు పోయి బొగ్గువ్యాపారము ప్రారంభించెను. అది కొలదికాలములోనే కూలిపోయెను. చేత చిల్లిగవ్వ లేక, కూలివాండ్రును నావికులును తలదాచుకొను బీదల సత్రములో కొంతకాలము నివసింపవలసివచ్చెను. ఒకరి కష్టమును మరియొకరు పంచుకొను ఆ మనుష్యులను అతడు అచ్చట దగ్గరగా చూచెను. తరువాత వ్యాపారము చక్కబడి ధనికుడైనను ఆ సత్రమును మరచిపోలేదు. కష్టము గడచినపిదప దానిని మరచువారే లోకమున హెచ్చుగదా!

1868లో అతడు డర్బీ పట్టణము తరఫున పార్లమెంటు సభకు ఎన్నికయ్యెను. ఆ కాలమున నావికుల స్థితి యెట్టిదో చెప్పనిదే పైకథ బోధపడదు. ఓడ యెంత పాతదైనను, ఎంత బరువు నెత్తుకొన్నను, అడుగువాడు లేడు. ఓడను దాని విలువకు మించి ఇన్సూరు చేయవచ్చును. అట్టి ఓడ రేవు చేరిన కూలి దక్కును. మునిగిన ఇన్సూరెన్సు సొమ్ము దక్కును. యజమానికి రెండు విధముల నష్టము లేదు. నష్టమంతయు ఓడలోనున్నవారిది, తీరమున వారికై యెదురుచూచు భార్యాబిడ్డలది. ఇట్టి ఓడలను జనులు శవపేటికలని పిలుచుచుండిరి. యజమానులందరు దుష్టులని మేమనము. మంచివారే పెక్కుమంది యుండిరి. కాని మంచివాడు తన ఓడలో తక్కువ సరకు వేసికొనగా, చెడ్డవాడు ఎక్కువ వేసి, తక్కువ కూలికి మోసి, మంచివాని బేరమును లాగికొనుచుండెను.

నావికుడు పని ఒప్పుకొని కాగితముపై చేవ్రాలు చేసినపిదప, ఓడను చూచి భయపడి యెక్కనొల్లనన్నచో, మాట తప్పినవాడని అతనిని చెరసాలకు పంపుచుండిరి. మునుగుటయో, చెరసాలయో ఏదో యొకటి కోరుకొనవలసినదే. ఇట్లు చెరసాల కేగినవారు వందలకొలదిగ నుండిరి.

ఓడకు బరువుగీత యుండవలెనను ఆలోచన ప్లిమ్సాలుది కాదు. జేమ్సు హాల్ అను ఉత్తరదేశపు ఓడ యజమాని అంతకుముందే ఈ విషయమై పాటుపడుచుండెను. ప్లిమ్సాల్ దానిని గ్రహించి, తన ధనమును, కాలమును, ఆరోగ్యమును అందులకే ధారపోసెను. 1873లో నావికుల దుస్థితినిగూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. దేశమంతయు దానిని చదివెను. అందు తొందరపాటున వ్రాసిన మాటలును, సరిగా విచారింపక మోపిన నిందలును లేకపోలేదు. యజమానులు అతనిపై పరువునష్టపు దావాలు తెచ్చిరి. ప్రభుత్వము విచారణకై యొక రాజసంఘమును నియమించెను. అన్ని ఓడలకు చెల్లునట్టి గీత నేర్పరచుట సాధ్యము కాదని ఆ సంఘము 1874లో తేల్చెను.

యజమానుల వాదమును గూడ చెప్పుట న్యాయము. ఒక్కొక్క ఓడ కట్టుబడి యొక్కొక్క విధము. అన్నిటికి ఒకే కొలత యెట్లు చెల్లునని వారడిగిరి. సర్కారు గీత గీచిన, ఓడ భద్రతకు బాధ్యత యజమానిపైనుండి తొలగునని చెప్పిరి. ఈ నియమము లేని పరదేశపు ఓడలు మన వర్తకమును దోచుకొనునని భయపెట్టిరి. ఈ కడపటిమాటలో కొంత సత్యము లేకపోలేదు.

1875వ సంవత్సరము జూలై 22వ తేదీన ప్రధానమంత్రి డిజ్రేలీ, వ్యవసాయపు కౌళ్లను గూర్చిన బిల్లునకు తావిచ్చుటకై, ఓడల బిల్లును ఆ యేటికి విడిచిపెట్టితిమని సభలో ప్రకటించెను. ప్లిమ్సాల్ సహింపలేకపోయెను. సభ నడుమకు వచ్చి, పిడికిలి బిగించి, నావికులను చావునకు పంపు దుర్మార్గులు ఈ సభలోనే కూర్చున్నారని కేకలు వేసెను. మునిగిన కొన్ని ఓడల పేర్లు చెప్పి, వాని యజమాని ప్లిమత్ సభ్యుడగు ఎడ్వర్డు బేట్సు అవునా కాదా యని ప్రశ్నింతుననెను. సభాధ్యక్షుడు మాటలను మరల్చుకొమ్మనెను. అతడు మరల్చుకొనక బయటికి నడచెను. ఆ సమయమున పై గ్యాలరీలో కూర్చున్న అతని భార్య ఎలిజా, భర్త వ్రాసిన నిరసనపత్రపు ప్రతులను పత్రికలవారికి పంచిపెట్టెనని చెప్పుదురు. వారము దినములకు అతడు మరల సభకు వచ్చి, తన పరుషవాక్యములకు మాత్రము క్షమాపణ చెప్పెను. తాను చెప్పిన సంగతులను మరల్చుకొనలేదు. ఈలోపల ఊరూర సభలు జరిగెను. ప్రభుత్వము భయపడి, కొలదిదినములలోనే యొక తాత్కాలిక శాసనమును చేసెను. నావికులలో నాలుగవవంతుమంది ఫిర్యాదు చేసినచో ఓడను ఆపి పరీక్షింపవచ్చునని అందు విధించిరి. మరుసటి యేట, 1876లో, శాశ్వతమైన శాసనము వచ్చెను. ప్రతి బ్రిటిషు ఓడప్రక్కను పండ్రెండు అంగుళముల వలయమును, దాని నడుమ పదునెనిమిది అంగుళముల గీతయు నుండితీరవలెను.

విజయమని జనులు సంతోషించిరి. కాని శాసనము నెమ్మదిగా చదివినవారికి వేరొకటి కనబడెను. తీరమువెంట తిరుగు ఎనుబది టన్నులకు లోబడిన చిన్న ఓడలు, చేపల పడవలు, ధనికుల విహారనౌకలు — వీనికి ఆ గీతలు అక్కరలేదు. ఇది యంత దోషము కాదు. చేపలు పట్టువానికిని, గోధుమలు మోయువానికిని ఒకే నియమము చెల్లదు. అసలు మినహాయింపు వేరొకచోట దాగియున్నది. గీత యుండవలెనని శాసనము చెప్పెను గాని, అది యెచ్చట నుండవలెనో చెప్పలేదు. ఆ నిర్ణయమును ఓడ యజమానికే వదలివేసెను! తనకు తోచినచోట గీచి, ఆ కొలతను ఓడ బయలుదేరునప్పుడు కాగితముపై వ్రాసియిచ్చిన చాలును. కార్డిఫ్ రేవులో నొక కెప్టెను వేళాకోళమునకై ఓడ పొగగొట్టముమీదనే ఆ గీతను వ్రాయించెనని యొక కథ ప్రచారములో నున్నది.

పేరునకు ఎనుబది టన్నుల ఓడకే మినహాయింపు. నిజమునకు సముద్రముపై తిరుగు ప్రతి ఓడకును మినహాయింపే. ఇట్టివి శాసనములో మినహాయింపు అను పేరుతో నుండవు. ఒక మాట వ్రాయక విడిచిపెట్టుటయే చాలును.

ఈ లోపమును పూడ్చుటకు పదునాలుగేండ్లు పట్టెను. 1880లో ప్లిమ్సాల్ డర్బీలో మరల గెలిచెను గాని, ఆక్స్‌ఫర్డులో స్థానము కోల్పోయిన విలియం హార్కోర్టు అను మంత్రికి తన స్థానమును వదలియిచ్చెను. మంత్రియైనచో నావికుల పని యెక్కువగా చేయగలడని అతని యాశ. ఆ యాశ అంతగా ఫలింపలేదు. ఆ త్యాగము తెలివైనదో కాదో మేము చెప్పజాలము. 1890లో వచ్చిన శాసనమువలన గీతయొక్క స్థానమును బోర్డు ఆఫ్ ట్రేడు అను ప్రభుత్వశాఖ పట్టికలనుబట్టి నిర్ణయించుట కేర్పాటయ్యెను. అప్పుడుగాని ప్లిమ్సాల్ గీత నిజముగా గీతయైనది కాదు. అప్పటికి అతని వయస్సు అరువదియారు.

ఆ వృద్ధుడు ఊరకుండలేదు. నావికుల సంఘమునకు అధ్యక్షుడై, సముద్రముపై పశువులను తీసికొనిపోవు ఓడలలోని క్రూరత్వమునుగూర్చి మరియొక పుస్తకము వ్రాసెను. సరకు మితముగానే యున్నను, నడుపుటకు చాలినంతమంది లేని ఓడయు ప్రమాదకరమే. 1897లో తగినంతమంది నావికులు లేని ఓడను గూడ రేవులో ఆపవచ్చునని శాసనమయ్యెను. మరుసటి యేట, 1898 జూన్ 3వ తేదీన, ప్లిమ్సాల్ ఫోక్‌స్టన్ పట్టణమున మరణించెను.

అతని తరువాత గూడ మినహాయింపులు నశింపలేదు. ఇంగ్లాండు రేవులకు వచ్చు పరదేశపు ఓడలకు బరువుగీత నియమము 1906 శాసనముతోగాని తగులలేదు. ఆ కాలముననే పట్టికలను సవరించి, పెక్కు బ్రిటిషు ఓడలు మునుపటికంటె లోతుగా మునుగుటకు అనుమతి నిచ్చిరి. ఒక చేతితో బిగించి మరియొక చేతితో సడలించుట యనగా నిదియే. ఆ శాసనమే నావికుడు పండుకొను చోటును మనిషికి 120 ఘనపుటడుగులకు పెంచెను. లాస్కరులనబడు మన దేశపు నావికులకు మాత్రము ఆ పెంపు వర్తింపదనెను. ఒకే ఓడలో, ఒకే తుపానులో పనిచేయువారికి రెండు కొలతలు! కాకినాడనుండియు విశాఖపట్టణమునుండియు రంగూనునకు పోవు పొగయోడలలో తెలుగువారు వేలకొలదిగా ప్రయాణించిన దినములవి.

1930లో పెక్కు దేశములు కూడి బరువుగీతలకు ఒక ఒడంబడిక చేసికొనెను. దాని స్థానమున 1966లో వేరొకటి వచ్చెను. నేటికిని సవరణలతో అదియే ఆధారము. ఇందును మినహాయింపులు గలవు. యుద్ధనౌకలు, చేపల ఓడలు, వ్యాపారము చేయని విహారనౌకలు, 24 మీటర్లకు తక్కువ నిడివిగల క్రొత్త ఓడలు దీనికి లోబడవు. దగ్గరగానున్న రెండు రేవులనడుమ, పెద్ద అలలు లేని నీటిలో తిరుగు ఓడలకు ఆయా ప్రభుత్వములు మినహాయింపు నీయవచ్చును. ఇట్లు ప్రభుత్వమిచ్చిన మినహాయింపునకు పత్రముండవలెను. ఏ నియమమునుండి మినహాయించిరో, ఏ ప్రయాణమునకో, ఏ షరతులమీదనో ఆ పత్రమునందు వ్రాసియుండును. 1876 నాటి యజమానికి ఇట్టి పత్రము పొందవలసిన యగత్యమే లేకపోయెను. నడుపుటకు కనీసము ఎందరుండవలెనో తెలుపు పత్రము గూడ నేడు పెద్ద ఓడలలో నుండును.

1929లో లండను నగరమున థేమ్సు నది యొడ్డున నావికుల సంఘమువారు ప్లిమ్సాలునకు స్మారకవిగ్రహమును నిలిపిరి. ఇంగ్లాండులో పిల్లలు ఆటలకు తొడుగుకొను రబ్బరు అడుగుల గుడ్డబూట్లను గూడ ప్లిమ్సాలులనియే యందురు. అడుగు రబ్బరును పై గుడ్డను కలుపుచోట నుండు పట్టీ ఓడగీతవలె కనబడుటయు, నీరు ఆ పట్టీని దాటినచో కాలు తడియుటయు ఆ పేరునకు కారణమని చెప్పుదురు.