గుంటూరుకు వచ్చిన డాక్టరమ్మ

మన తాతలు తెలుగునేలను విడిచి, ఓడలెక్కి మలయా తోటలకు వస్తున్న కాలములోనే, వేరొక సముద్రము దాటి ఒక స్త్రీ ఆ తెలుగునేలకే వెళ్ళారు. మనవారు బ్రతుకుతెరువు కోసము వచ్చారు. ఆమెకు బ్రతుకుతెరువుకు ఏ లోటూ లేదు. ఆమే డాక్టర్ మేరీ గ్లౌరీ. గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిని పెంచి పెద్దచేసిన ఆమె చరిత్ర మన పిల్లలు తెలుసుకోదగినది.

మేరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో, బిర్రెగుర్రా అనే ఊరిలో జన్మించారు. తొమ్మిదిమంది పిల్లలలో ఆమె మూడవవారు. పల్లెటూరిలో పెరిగినా చదువులో ముందుండి, 1910లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయములో వైద్య పట్టా పుచ్చుకున్నారు. ఆడపిల్లలు డాక్టరు చదువు చదవడము అరుదైన రోజులవి. కొంతకాలము న్యూజిలాండులో పనిచేసి, మెల్‌బోర్న్‌కు తిరిగివచ్చి, పేరున్న కాలిన్స్ వీధిలో సొంత వైద్యశాల పెట్టుకున్నారు.

1915లో ఒక చిన్న పుస్తకము ఆమె చేతికి వచ్చింది. అది స్కాట్లాండుకు చెందిన డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ చేసిన సేవను గురించినది. ఇండియాలో చాలామంది స్త్రీలు మగ డాక్టరుకు చూపించుకోరనీ, అందువలన తల్లులూ పసిబిడ్డలూ చనిపోతున్నారనీ, స్త్రీ వైద్యులు కావాలనీ మేరీ దానివలన తెలుసుకున్నారు. తన పని అక్కడే అని నిశ్చయించుకున్నారు. అయినా తొందరపడి బయలుదేరలేదు. కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యము ఇంకా లోతుగా చదివి 1919లో ఎం.డి. పట్టా పొందారు.

1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరేనాటికి ఆమెకు 32 ఏళ్ళు. అక్కడ సేవ చేస్తున్న హాలండు దేశపు జె.ఎం.జె. సిస్టర్ల సభలో చేరి, సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు. అయితే ఒక చిక్కు ఉండేది. సన్యాసినులు వైద్యము చేయడానికి, ముఖ్యముగా కాన్పులు చేయడానికి, ఆనాటి చర్చి నియమాలు ఒప్పుకొనేవి కావు. పోపు పదిహేనవ బెనెడిక్ట్ ఆమెకు ప్రత్యేకముగా అనుమతి ఇచ్చారు. మిగిలిన సిస్టర్లందరికీ ఆ తలుపు తెరుచుకున్నది 1936లో మాత్రమే.

గుంటూరులో అప్పటికే లూథరన్ మిషనుకు చెందిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి ఉంది. కాని చుట్టుపక్కల పల్లెల అవసరము అంతకంటె పెద్దది. మేరీ సిస్టర్ల చిన్న మందుల గదిలో పని ప్రారంభించారు. క్రమముగా అదే సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి అయింది. మన దేశవాళీ మందులను ఆమె చులకన చేయలేదు. వాటి గుణాన్ని శ్రద్ధగా పరిశీలించి తెలుసుకున్నారు.

వచ్చే రోగులకు అంతు లేదు, డాక్టరుకు ఉన్నవి రెండే చేతులు. అందుకే ఆమె స్థానిక ఆడపిల్లలను చేరదీసి కాంపౌండర్లుగా, మంత్రసానులుగా, నర్సులుగా తయారుచేశారు. మా దృష్టిలో ఆమె చేసిన అన్ని పనులలో ఇదే గొప్పది. ఒక రోగిని బాగుచేస్తే ఒక ఇల్లు నిలుస్తుంది. ఒక పిల్లకు పని నేర్పితే ఊరు నిలుస్తుంది. మన తోటలలో డిస్పెన్సరీ డ్రెస్సరు, కాన్పు చేసే అవ్వ తప్ప వేరే దిక్కు ఎరుగని కుటుంబాలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

1943లో, యుద్ధకాలములో, ఆమె మరికొందరు సిస్టర్లను కలుపుకొని మొత్తము 16 మందితో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. సికింద్రాబాదు కేంద్రముగా ఉన్న ఆ సంఘములో ఇప్పుడు మూడువేలకు పైగా సంస్థలు ఉన్నాయి. ఒక వైద్య కళాశాల కూడా రావాలని ఆమె ఆశించారు. అది చూడకుండానే, జబ్బుతో ఎంతో బాధపడి, 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. ఆరేళ్ళకు, 1963లో, అదే బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వెలిసింది. 2013లో గుంటూరులో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు.

డాక్టర్లు, నర్సులు కావాలని కోరుకొనే పిల్లలు ఈనాడు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. మనకు ఎంతో సంతోషము. వారికి ఉపాధ్యాయులముగా మేము చెప్పేది ఒక్కటే. చదువు మీకు ఇల్లు, కారు ఇస్తుంది, తీసుకోండి. మీరు నేర్చినది మరొక పదిమందికి నేర్పండి. మేరీ గ్లౌరీ గుంటూరులో చేసినది అదే.