సగంలో ఆగిన ఫిజిక్స్

మన క్లబ్బులో సైన్స్ ఫిక్షన్ మాటెత్తితే సగం గుర్తున్న నవలలే బయటికొస్తాయి. పేరు గుర్తుండదు, రాసినాయన గుర్తుండడు. ఒక నౌక, అది వెలుగు కంటే వేగంగా పోతుంది, తిరిగొచ్చేసరికి ఊరు మారిపోయి ఉంటుంది. అంతే. ఇంట్లో పెద్దోళ్ళని కదిపితే చందమామలో ‘తోకచుక్క’ చదివాం అంటారు. పేరు విని అంతరిక్షం కథేమో అనుకుంటాం గానీ అది దాసరి సుబ్రహ్మణ్యం రాసిన జానపద సీరియల్. అయితే ఆ పత్రికని దగ్గరుండి దిద్దినాయన మాత్రం నిజంగానే ఫిజిక్స్ చదివిన మనిషి. ఆయనే కొడవటిగంటి కుటుంబరావు, మనందరికీ కొ.కు.

కొ.కు. 1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టారు. ఐదేళ్ళప్పుడు తండ్రి, పదకొండేళ్ళప్పుడు తల్లి పోయారు. గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్, విజయనగరం మహారాజా కాలేజీలో ఫిజిక్స్‌తో బీఏ. 1929లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ కోసం కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆ రోజులెలాంటివో చూడండి. రామన్ ఎఫెక్ట్ బయటపడి ఏడాది అయింది, 1930లో దానికే నోబెల్ వచ్చింది. పక్కనే అలహాబాదులో మేఘనాథ్ సాహా పాఠాలు చెబుతున్నారు. ఫిజిక్స్ కుర్రాడికి అంతకంటే మంచికాలం ఏముంటుంది? కానీ ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. రెండో ఏడు సాగలేదు. ఎమ్మెస్సీ అక్కడే ఆగిపోయింది.

బ్యాక్‌లాగ్ అయితే మళ్ళీ రాసుకోవచ్చు. ఆయన పోగొట్టుకున్నది మళ్ళీ రాసుకునేది కాదు.

తరవాత ఇరవై ఏళ్ళు దొరికిన పనల్లా చేశారు. గుమాస్తాగిరీ, ట్యూషన్లు, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ పని, పత్రికలు, సినిమా రాతలు. 1939లో భార్య పద్మ చనిపోయారు. ఈ కష్టాల మధ్యే మధ్యతరగతి ఇళ్ళ లోపలి లెక్కలు చెప్పే కథలు వందల్లో రాశారు. ‘చదువు’ నవల చాలామందికి తెలుసు. ‘గ్రహశకలం’ అని ఇంకోటి ఉందని మాత్రం తక్కువమందికి తెలుసు.

1952 జనవరిలో చందమామలో చేరారు. పేరుకి సంపాదకుడు చక్రపాణి, ఆయనా తెనాలి మనిషే. పనంతా కొ.కు.ది. దెయ్యాల్ని నమ్మని నాస్తికుడు నెలనెలా బేతాళుణ్ణి చెట్టు మీంచి దించే పత్రికలో కూర్చున్నాడని కొందరికి వింత. నాకైతే వింతగా లేదు. బేతాళ కథలో శవం మాట్లాడితే మాట్లాడనీ, చివరి ప్రశ్నకి జవాబు మాత్రం కారణంతో సహా చెప్పాల్సిందే.

కారణం అంటే గుర్తొచ్చింది. వెలుగు కంటే వేగం ఎందుకు కుదరదు? వేగం పెరిగేకొద్దీ ఇంకాస్త పెంచడానికి కావాల్సిన శక్తి పెరుగుతూనే పోతుంది, వెలుగు వేగం దగ్గర దానికి అంతుండదు. ఇది మనం పరీక్షల్లో రాసే జవాబు. అసలు చిక్కు వేరే ఉంది. వెలుగుని దాటి ఒక కబురు పంపగలిగితే, కొందరి గడియారాల ప్రకారం ఆ కబురు పంపకముందే అందుతుంది. అంటే దెబ్బ తగిలాక రాయి విసిరినట్టు. మన నవలల నౌకలు ఈ సంగతి పట్టించుకోవు.

విచిత్రమేంటంటే, వెలుగుని దాటకుండానే ఊరు మారిపోయే కథ మనకి ముందే ఉంది. భాగవతంలో కకుద్మి మహారాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మ దగ్గరికి వెళ్తాడు. పాట అయ్యేదాకా కాస్సేపు ఆగుతాడు. ఆలోగా కింద 27 మహాయుగాలు గడిచిపోతాయి. దీన్ని పట్టుకుని మనవాళ్ళకి ఐన్‌స్టీన్ ముందే తెలుసు అనేస్తే కొ.కు. లాంటి హేతువాది ఒప్పుకునేవారు కాదు. అది కథ, లెక్క కాదు. లెక్క కావాలంటే ఇది: వెలుగు వేగంలో 99 శాతంతో పోయే నౌకలో ఒక ఏడాది గడిస్తే భూమ్మీద దాదాపు 7 ఏళ్ళు గడుస్తాయి.

కథకీ లెక్కకీ మధ్య ఈ గీతని ఆయన జాగ్రత్తగా కాపాడారు. చందమామలో గుర్రాలు ఎగిరాయి. సైన్స్ వ్యాసాల్లో మాత్రం ఏదీ కారణం లేకుండా ఎగరలేదు. ఆ వ్యాసాలు తర్వాత ఒక సంపుటంగా వచ్చాయి. భాష రెండుచోట్లా ఒకటే, ఇంట్లో మాట్లాడుకునే తెలుగు.

మద్రాసు–బొంబాయి రైలుదారి మీదున్న మన గుత్తికి మద్రాసు 400 కిలోమీటర్ల పైనే. వెలుగుకది సెకనులో వెయ్యోవంతు పైచిలుకు పని. చందమామ పార్సిలుకి రాత్రంతా ప్రయాణం. కాలవల మధ్య పుట్టిన మనిషి దిద్దిన వాక్యాలు వాన మొహం చాటేసిన మన ఊళ్ళల్లో పిల్లలు నోరారా చదివారు. దిద్దినాయన పేరు వాళ్ళకి తెలీదు.

1970లో విరసం పుట్టినప్పుడు అందులో ఉన్నారు. 1980 ఆగస్టు 17న మద్రాసులో చనిపోయారు, అప్పటికీ చందమామలోనే ఉన్నారు. కొడుకు రోహిణీప్రసాద్ బొంబాయిలో భాభా అణుపరిశోధన కేంద్రంలో అణుభౌతిక శాస్త్రవేత్త అయ్యారు, సితార్ వాయించారు, తెలుగులో బోలెడన్ని సైన్స్ వ్యాసాలు రాసి 2012లో పోయారు. తండ్రి వదిలిన క్లాసులోకి కొడుకు వెళ్ళి కూర్చున్నట్టనిపిస్తుంది నాకు.

మీ ఇళ్ళల్లో అటకమీద పాత చందమామ బైండ్లుంటే 1952 తర్వాతవి ఒకటి దించి చూడండి. ‘గ్రహశకలం’ ఎవరి దగ్గరైనా ఉంటే క్లబ్బుకి తీసుకురండి, వచ్చే నెల కూర్చుని చదువుదాం.