నొప్పి యెరుగని పాదములకు కావలి



మన పార్వతీపురము మన్యములో కొండదారిని నడచువాని అరికాలిలో ముల్లు విరిగినయెడల, వాడు వెంటనే కూర్చుండి దానిని తీసివేయును. వానిని కూర్చుండబెట్టినది నొప్పియే. నొప్పి తెలియనివాడు ఆ ముల్లుతోనే సంతవరకు నడచిపోవును. ఈ భేదమును గ్రహించి, అట్టి పాదములకొరకు పాటుపడిన వైద్యుడు పాల్ బ్రాండ్.

ఆయనయు కొండలలో పుట్టినవాడే. 1914 జూలై 17న తమిళనాటి కొల్లి కొండలలో, జెస్సీ, ఎవెలిన్ బ్రాండ్ అను మిషనరీ దంపతులకు జన్మించెను. తొమ్మిదేండ్ల ప్రాయమున చదువునిమిత్తము ఇంగ్లండునకు పంపబడెను. 1929లో తండ్రి ఆ కొండలలోనే జ్వరముతో మరణించెను. పాల్ మొదట వడ్రంగమును, ఇండ్లు కట్టు పనియు నేర్చుకొని, పిమ్మట లండనులో వైద్యము చదివి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను.

కుష్ఠరోగుల వ్రేళ్లు రోగమువలననే కుళ్లి రాలునని ఆ దినములలో అనేకులు తలంచుచుండిరి. బ్రాండ్ పరీక్షింపగా సంగతి వేరుగా నుండెను. రోగము నరములను చెరుపును, స్పర్శ పోవును. పిమ్మట గాయము చేయునది వేడి పాత్ర, మేకు, తుదకు నడకయే.

పాదములో 26 ఎముకలున్నవి. అడుగు వేయునప్పుడు బరువు మడమపై మొదలై, ముందరి భాగమునకు జరిగి, బొటనవ్రేలితో ముగియును. దూరము నడచినచో ఒకచోట మంట పుట్టును. మనకు తెలియకయే అడుగు మార్చుకొందుము. మొద్దుబారిన పాదము అట్లు మార్చుకొనదు. వేలకొలది అడుగులు ఆ చోటనే పడగా, లోపలి మాంసము వాచి పుండై తెరచుకొనును. ఆ పుండుకు మందుకంటె ముఖ్యమైనది ఒత్తిడి తగ్గించుటయే. కావున ప్లాస్టరు కట్టు వేసి పాదమును కాపాడగా పుండ్లు మానెను. మరల రాకుండుటకు ఆయనయు తోటివారును మెత్తని రబ్బరుతో చెప్పులు చేయించిరి. మనమెరిగిన ఎం.సి.ఆర్. చెప్పులు ఆ జాతివే.

ఒకసారి ఇంగ్లండులో, దీర్ఘమైన రైలు ప్రయాణము ముగించిన రాత్రి, మేజోడు విప్పుచు తన మడమకు స్పర్శ లేదని ఆయన కనుగొనెను. సూది గ్రుచ్చినను నొప్పి లేదు. తనకును కుష్ఠు సోకెనని తలంచి రాత్రియంతయు కలతతో గడిపెను. తెల్లవారి మరల గ్రుచ్చగా నొప్పి కలిగెను! కదలక కూర్చుండుటచేత నరము నొక్కుకొనెను, అంతే. ఆ నొప్పికొరకు దేవునికి స్తోత్రము చెల్లించెను.

1966లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్లి, మధుమేహముచేత మొద్దుబారిన పాదములకును ఈ రీతినే మేలుచేసెను. 2003 జూలై 8న ప్రభువునందు నిద్రించెను.

మన పొరుగున సాలూరులోని ఫిలదెల్ఫియ ఆసుపత్రియు కుష్ఠరోగులకు సేవచేసినదే. మన సంఘములలోను చక్కెర వ్యాధిగలవారు, స్పర్శలేని మచ్చలుగలవారు ఉండవచ్చును. మచ్చను దాచక వైద్యునికి చూపుడి. కుష్ఠునకు మందు కలదు, అది నయమగును. మొద్దుబారిన కాళ్లను ప్రతి సాయంకాలము కడిగి, దీపపు వెలుగున అరికాలు చూడుడి. ఎరుపుగాని, వేడిగాని, బొబ్బగాని కనబడినచో నడక మాని ఆసుపత్రికి పోవుడి. తాను చూచుకొనలేని వృద్ధునికి ఇంటివారు చూడవలెను.

ప్రభువు నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. ఒక అవయవము తన బాధను తెలుపలేనప్పుడు, తక్కిన అవయవములు దానికొరకు మేలుకొనియుండవలెను గదా! నేటి రాత్రి మన యింట ఎవరి పాదములు చూడవలసియున్నవి?