ఘాటు కొలిచినవాళ్ళు, పుస్తకం నిలబెట్టినావిడ: బెంగళూరు నాగరత్నమ్మ

ప్రేమ నవల చదివాక మార్కులు వేయడం మన బ్యాచ్‌లో మామూలే. జంట మధ్య కెమిస్ట్రీ ఎంత, ఘాటు ఎంత, ఇదేం పద్ధతి అనిపించిన చోట్లు ఎన్ని. నేనూ వేస్తాను. కానీ ఈ మార్కుల గొడవ మనతో మొదలవలేదు. వందేళ్ళ క్రితం ఒక తెలుగు ప్రేమకావ్యానికి ఏకంగా పోలీసులే మార్కులు వేశారు. ఆ పుస్తకం కోసం నిలబడ్డ మనిషి బెంగళూరు నాగరత్నమ్మ.

ఆవిడ 1878 నవంబర్ 3న మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. చిన్నప్పుడే తల్లి పోయింది. సంగీతం, నాట్యం, సంస్కృతం, కన్నడం, తెలుగు కష్టపడి నేర్చుకున్నారు. తర్వాత మద్రాసు చేరి కచేరీలతో పేరూ డబ్బూ సంపాదించారు.

చదివే అలవాటు బాగా ఉండేది. తంజావూరు చరిత్ర చదువుతుంటే ముద్దుపళని పేరు కనపడింది. 18వ శతాబ్దంలో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి ఆమె. ఆమె రాసిన రాధికా సాంత్వనము కోసం నాగరత్నమ్మ చాలా వెతికారు. దొరికింది 1887లో అచ్చయిన ప్రతి. తర్వాత రాతప్రతి చేతికొచ్చాక తేడా తెలిసింది. ముద్దుపళని తన గురించి, తన వంశం గురించి చెప్పుకున్న పద్యాలు అచ్చులో లేవు! రచయిత్రి ఎవరో తెలియకుండా చేసి కథ మాత్రం ఉంచారన్నమాట.

కథ సంగతికొస్తే, రాధ తాను పెంచిన ఇళ అనే అమ్మాయిని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఇద్దరికీ తనే బుద్ధులు చెబుతుంది. ఆ తర్వాత ఒంటరితనం, అసూయ ఆమెని కాల్చేస్తాయి. కృష్ణుడు వచ్చి బతిమాలుకోవాల్సి వస్తుంది. ఆ ఓదార్పే సాంత్వనం. కోరిక రాధది, కోపం రాధది, చొరవ కూడా రాధదే. కెమిస్ట్రీకి నేనైతే ఫుల్ మార్కులు వేస్తాను.

కందుకూరి వీరేశలింగం గారు వేయలేదు. ముద్దుపళని పాండిత్యాన్ని మెచ్చుకుంటూనే, ఆడవాళ్ళు వినడానికే తగనివాటిని ఒక ఆడది రాయడమేమిటని తీసిపారేశారు. నాగరత్నమ్మ 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి కావ్యం అచ్చువేయించి, పీఠికలోనే జవాబు చెప్పారు. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అన్నది ఆవిడ ప్రశ్న. ఇంతకంటే ఘాటుగా మగకవులు రాసినవాటిని ఒప్పుకున్నవాళ్ళకి ఇక్కడ అడ్డమేమిటని నిలదీశారు. విధవా వివాహాలు చేయించిన పెద్దమనిషిని ఇలా అడగడానికి ఎంత ధైర్యం కావాలి!

1911లో పుస్తకం అశ్లీలమని పోలీసులు ప్రతులు పట్టుకున్నారు. పండితులు అర్జీ పెట్టుకున్నా నిషేధం ఆగలేదు.

ఇక్కడ నాకు తట్టిన విషయం ఒకటుంది. ఈ కావ్యంలో నిజంగా ఇబ్బందిపెట్టేది ఇళ వయసు. అప్పుడప్పుడే ఈడేరిన పిల్ల. ఇప్పుడు చదివితే గొంతు పట్టేస్తుంది. కానీ వీరేశలింగం గారి ఆక్షేపణంతా ఆ మాటలు ఆడదాని కలం నుంచి వచ్చాయనే. ఘాటు వేరు, హాని వేరు. ఈ రెండూ కలిపేస్తే అసలు తప్పు తప్పించుకుంటుంది, రాసినావిడ దొరికిపోతుంది. మనమూ అంతే కదా. హీరో బలవంతం చేస్తే ప్యాషన్ అంటాం, హీరోయిన్ కోరుకుంటే ఓవర్ అంటాం.

నాగరత్నమ్మ అక్కడితో ఆగలేదు. తిరువయ్యారులో పాడుబడ్డ త్యాగరాజ సమాధికి సొంత డబ్బుతో గుడి కట్టించారు. 1921లో పని మొదలుపెట్టి 1925లో పూర్తి చేశారు. అయినా అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళని పాడనివ్వలేదు. అయితే విడిగానే చేసుకుంటాం అని 1927లో ఆడవాళ్ళ బృందంతో వేరే ఆరాధన మొదలుపెట్టారు. 1940ల మొదట్లో వర్గాలు ఒక్కటయ్యాక అందరితో పాటు ఆడవాళ్ళూ పాడారు.

1947లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పూనికతో పుస్తకం మీద నిషేధం పోయింది. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధించిన చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ముద్దుపళని పద్యాలకి విడుదల దొరికింది. అలాంటి పద్యాలు రాయగల, పాడగల చదువు ఆడవాళ్ళకి ఇచ్చిన ఆ వ్యవస్థ మాత్రం చట్టం ముందు నేరమైంది. అందులో అన్యాయం ఎంతో ఉంది, పోవాల్సిందే. కానీ దాంతోపాటు ఆ విద్యకున్న గౌరవం కూడా పోయింది.

1952 మే 19న ఆవిడ కన్నుమూశారు. ఆస్తి త్యాగరాజ సమాధికే రాసిచ్చారు. ఆవిడ సమాధి కూడా తిరువయ్యారులో ఆ పక్కనే ఉంది. ఆ ఏడాదే రాధికా సాంత్వనము మళ్ళీ అచ్చయి వచ్చింది.

తర్వాతి నవలకి మార్కులు వేసేముందు రెండు చూద్దాం. ఒకటి, మొత్తం చదివామా? రెండు, మనకి ఇబ్బందిగా ఉన్నది కథలో జరిగిన హానా, లేక కోరుకున్నది ఆడమనిషి కావడమా?