ముసునూరి నాయకుల చరిత్రను వెలికితీసిన మల్లంపల్లి

ముసునూరు: నూజివీడు మామిడితోటల సీమలోని ఈ ఊరి పేరుకు, ఓరుగల్లు కోటకు సంబంధం ఉన్నది. కాకతీయ సామ్రాజ్యం కూలిన తరువాత తెలుగువారిని కూడగట్టిన ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుల ఇంటిపేరు ముసునూరి. ఊరి పేరే ఇంటిపేరు కావడం మనకు ఆనవాయితీ కనుక వారి పూర్వులు ఇక్కడివారేనని పలువురు భావిస్తారు. ఆరు వందల ఏళ్లు మరుగునపడిన వారి కథను ఒక గ్రంథంగా కూర్చి లోకానికి అందించినవారు కీ.శే. మల్లంపల్లి సోమశేఖర శర్మ.

శర్మగారు 1891లో పశ్చిమ గోదావరి జిల్లా మినిమించిలిపాడులో జన్మించారు. పెద్ద చదువులు చదివి పట్టాలు పొందినవారు కారు. స్వయంకృషితోనే శాసనాల లిపిని, భాషను పట్టు చిక్కించుకున్నారు.

అవి తెలుగు పల్లెలలో చరిత్ర పుస్తకాల పట్ల ఆసక్తి కలుగుతున్న రోజులు. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి చరిత్రలు, మహాపురుషుల జీవితాలు, శాస్త్ర విషయాలు సులభమైన తెలుగులో అచ్చువేయించారు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము 1910 నుండి భాగాలుగా వెలువడింది. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఊరూరా పఠన మందిరాలకు ఊపు వచ్చింది. పరాయి పాలనలో ఉన్న రైతులు, ఉపాధ్యాయులు తమ పూర్వులు ఎట్లా ఏలారో, ఎట్లా ఓడారో చదివి తెలుసుకున్నారు.

లక్ష్మణరావు మదరాసులో విజ్ఞానసర్వస్వం తలపెట్టినపుడు శర్మగారు ఆయనకు తోడుగా నిలిచారు. అక్కడ నేర్చిన క్రమశిక్షణ జీవితాంతం ఆయనను నడిపింది. వినికిడి కథను చరిత్రగా రాయరాదు, ప్రతి మాటకు ఆధారం చూపాలి అన్నదే ఆ క్రమశిక్షణ. 1923లో లక్ష్మణరావు కన్నుమూసినా శర్మగారి కృషి ఆగలేదు.

శాసనం చదవడం తేలికైన పని కాదు. రాతి మీద తడి కాగితం పరచి, కుంచెతో అదిమి, సిరా అద్ది అచ్చు తీయాలి. అరిగిపోయిన అక్షరాలను ఒక్కొక్కటిగా పోల్చుకోవాలి. అందులో ఉండేది శక సంవత్సరం. దానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఆ తరువాత ఒక శాసనాన్ని మరొకదానితోను, కావ్యాలతోను, పారశీక చరిత్రలతోను సరిచూడాలి.

ముసునూరి వారి చరిత్ర ఇట్లాగే తేలింది. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాయి. బందీగా తీసుకుపోబడిన ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన మరణించాడని ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం చెబుతుంది. భద్రాచలం చేరువలోని రేకపల్లి ప్రోలయకు స్థావరమైంది. నేలటూరి వెంకటరమణయ్యతో కలిసి ఈ శాసనాన్ని పరిష్కరించి ప్రకటించినవారు శర్మగారే.

ప్రోలయ తరువాత కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి గెలిచాడు. ఫెరిస్తా రాసిన పారశీక చరిత్రలో ఈ వీరుడు కృష్ణనాయకుడుగా కనిపిస్తాడు. ఆ పేరు వెనుక ఉన్నది మన కాపయ అని పండితులు పోల్చిచూసి గుర్తించారు. రాజమహేంద్రవరం రెడ్డి రాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం శక సంవత్సరం 1345, అనగా 1423 నాటిది. కాపయను 75 మంది నాయకులు సేవించారని అందులో ఉన్నది. వేరొక వంశపు రాణి శాసనంలో ముసునూరి వారి ప్రశంస ఉండడం గమనింపదగినది.

శర్మగారు ఈ ఆధారాలతో 1945 ప్రాంతంలో ముసునూరి నాయకుల చరిత్రను ఇంగ్లీషులో ప్రకటించారు. మరుగునపడిన ఆంధ్ర చరిత్ర అధ్యాయం అని దాని పేరుకు అర్థం. 1948లో వెలువడిన రెడ్డి రాజ్యాల చరిత్ర ఆయనకు మరింత కీర్తి తెచ్చింది. డిగ్రీ లేని ఈ పండితునికి ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర శాఖలో స్థానం కల్పించింది. తరువాత తెలుగు భాషా సమితి విజ్ఞానసర్వస్వ నిర్మాణంలోనూ ఆయన పనిచేశారు. 1963లో పరమపదించారు.

ముసునూరి వారి కథ గెలుపుతో ముగియలేదు. బహమనీ సుల్తానులతో జరిగిన పోరులలో కాపయ కౌలాసును, పిమ్మట గోలకొండను వదులుకోవలసి వచ్చింది. చివరకు 1368 ప్రాంతంలో ఆయన నేలకొరిగింది పరాయివారి చేతిలో కాదు, సాటి తెలుగువారైన రేచర్ల నాయకులతో జరిగిన భీమవరం యుద్ధంలో. ఆయన పోయిన వెంటనే నాయకులు ఎవరి సీమకు వారు వెళ్లిపోయారని కలువచేరు శాసనమే చెబుతున్నది. కలిసి ఉన్నపుడు ఓరుగల్లును గెలిచినవారు విడిపోయి దానిని నిలుపుకోలేకపోయారు. మనవారి ఘనతను మాత్రమే చదివి ఈ చేదు భాగాన్ని విడిచిపెడితే చరిత్ర చదివినట్లు కాదు.

కృష్ణా జిల్లాలో ఉన్న ముసునూరు 2022లో ఏలూరు జిల్లాలో చేరింది. జిల్లా మారినా ఊరి పేరులోని చరిత్ర మారలేదు. పల్లెలలో పాత గుడుల దగ్గర అక్షరాలు చెక్కిన రాళ్లు కనిపిస్తే సున్నం పూయకుండా, మెట్లకు వాడకుండా కాపాడుకోవాలి. అటువంటి రాళ్లు, రాగి రేకులే నిలిచి ఉండకపోతే కాపయ నాయకుని పేరు మనకు మిగిలేది కాదు. వాటిని చదివిన శర్మగారి గ్రంథాలకు ఊరి గ్రంథాలయంలో చోటుండడం న్యాయం.