జేమ్స్ ప్రెస్కాట్ జౌల్

విద్యుత్తు ప్రవహించు ప్రతి తీగయు ఎంతో కొంత వేడెక్కును. విద్యార్థులు అభిరుచితో అమర్చుకొను చిన్న ఎలక్ట్రానిక్ పరికరములయందు సైతము ఈ సంగతి కనబడును. 12 వోల్టుల విద్యుత్తును 5 వోల్టులకు తగ్గించి నిలకడగా అందించు రెగ్యులేటరు అను మూడు కాళ్ల చిన్న బిళ్ల, కొంతసేపటికి వ్రేలు మోపలేనంతగా కాలును. ఆ వేడి ఎచ్చటనుండి వచ్చినది? అది ఎంత? ఇట్టి ప్రశ్నలకు లెక్క చూపి బదులు చెప్పిన మహనీయుడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్.

జౌల్ 1818వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన ఇంగ్లండులో మాంచెస్టరు నగరమును ఆనుకొనియున్న సాల్ఫర్డునందు జన్మించెను. ఆతని తండ్రి బీరు తయారుచేయు కర్మాగారమునకు యజమాని; సంపన్నుడు. బాల్యమున జౌల్ వెన్నెముక బలహీనముగా ఉండుటచే ఇంటివద్దనే చదువుకొనెను. 1834లో తండ్రి ఆతనిని, అన్నయగు బెంజమినును పరమాణు సిద్ధాంతకర్తయైన జాన్ డాల్టను కడకు విద్యకై పంపెను. 1837లో గురువు వ్యాధిగ్రస్తుడగుటచే ఆ చదువు ఆగిపోయెను. కాని స్వయముగా పరిశోధింపవలెనను కోరిక ఆ గురువువలననే తనకు కలిగెనని జౌల్ కృతజ్ఞతతో తలచుకొనుచుండెడివాడు.

జౌల్ ఏ విశ్వవిద్యాలయమునను చదువలేదు, ఏ కళాశాలయందును ఆచార్యుడుగా పనిచేయలేదు. ఆతని జీవిక కర్మాగారము; ప్రయోగములు అభిరుచి మాత్రమే. పందొమ్మిదేండ్ల వయస్సున ఆతడు కర్మాగారములోని ఆవిరియంత్రమునకు బదులు విద్యుత్ మోటారును వాడవచ్చునా అని పరీక్షింపసాగెను. అయితే విద్యుద్ఘటములలో కరగిపోవు తుత్తునాగము వెల బొగ్గు వెలకంటె ఎంతయో హెచ్చని తేలెను. ఆశ ఫలింపలేదు. కాని విద్యుత్తు చేయు పనిని, పుట్టించు వేడిని కొలిచి చూడవలెనను పట్టుదల ఆతనియందు నిలిచెను.

1840లో ఆతడొక ప్రయోగము చేసెను. లోహపు తీగను గాజు గొట్టమునకు చుట్టి నీటిలో ముంచి, దానిగుండ విద్యుత్తును ప్రవహింపజేసి, నీటి వేడి ఎంత పెరిగినదో ఉష్ణమాపకముతో చూచెను. ఒకే తీగలో ప్రవాహము రెండింతలైనచో ఉష్ణము నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. ఉష్ణము ప్రవాహపు వర్గమునకును, తీగ నిరోధమునకును అనులోమానుపాతములో నుండునని ఆతడు నిర్ణయించెను. ఇదియే నేడు మనము చదువుకొను జౌల్ నియమము. ఆతడు పంపిన వ్యాసమును లండనులోని రాయల్ సొసైటీ పూర్తిగా ప్రకటింపక సంగ్రహమును మాత్రమే అచ్చువేసెను. సంపూర్ణ వ్యాసము 1841లో వేరొక పత్రికలో వెలువడెను.

ఆ కాలమున పెక్కుమంది పండితులు ఉష్ణమును ఒక సూక్ష్మద్రవమని తలచుచుండిరి. అది ఒకచోటినుండి వేరొకచోటికి పారునే కాని క్రొత్తగా పుట్టదని వారి నమ్మకము. జౌల్ దీని నంగీకరింపలేదు. పని చేసినచో ఉష్ణము పుట్టునని, ఇంత పనికి ఇంత ఉష్ణమని లెక్క కట్టవచ్చునని 1843లో కార్క్ నగరమున జరిగిన సభలో తెలిపెను. సభ్యులు పెదవి విప్పలేదు. మరుసటి యేట రాయల్ సొసైటీ ఆతని మరియొక వ్యాసమును తిరస్కరించెను. బిరుదులు లేని వ్యాపారి మాటను పండితులు లక్ష్యపెట్టకపోయిరి.

జౌల్ వాదములకు దిగక, మరింత జాగ్రత్తగా కొలువసాగెను. నీరు నింపిన పాత్రలో తెడ్లు గల చక్రము నమర్చి, క్రిందికి దిగు బరువులచే దానిని త్రిప్పించెను. కలుగు వేడి అత్యల్పము. దానిని పట్టుకొనుటకు మిక్కిలి సున్నితమైన ఉష్ణమాపకములను తయారుచేయించెను. 1847లో ఆక్స్‌ఫర్డు సభలో ఈ ప్రయోగమును వివరించినప్పుడు విలియం థామ్సన్ అను యువ శాస్త్రజ్ఞుడు దాని ప్రాముఖ్యమును గుర్తించెను. ఈతడే తరువాత లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధి చెందెను. 1850లో రాయల్ సొసైటీయే జౌల్‌ను సభ్యునిగా చేర్చుకొనెను. 1870లో కాప్లే పతకము నొసగెను.

గౌరవములు వచ్చినను కష్టములు తప్పలేదు. 1854లో భార్య అమీలియా ఇద్దరు బిడ్డలను విడిచి మరణించెను. క్రమముగా సంపదయు తరిగిపోవ, 1878లో ప్రభుత్వము భృతి నేర్పరచెను. 1889 అక్టోబరు 11వ తేదీన జౌల్ కన్నుమూసెను. ఆతని సమాధిశిలపై 772.55 అను అంకె చెక్కబడియున్నది. ఒక పౌను నీటి వేడిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ పెంచుటకు, ఒక పౌను బరువు అన్ని అడుగులు దిగవలెనని ఆతని లెక్క. నేటి లెక్క సుమారు 778. తేడా నూటికి ఒకటైనను లేదు.

శక్తిని కొలుచు ప్రమాణమునకు శాస్త్రజ్ఞులు ఆతని పేరే పెట్టిరి. ఆ ప్రమాణముతో మన రెగ్యులేటరు వేడిని గణింపవచ్చును. 12 వోల్టులలో 5 పరికరమునకు పోగా మిగిలిన 7 వోల్టులు రెగ్యులేటరుపై పడును. ప్రవాహము అర ఆంపియరైనచో సెకనుకు 3.5 జౌలుల ఉష్ణము పుట్టును. పరికరమునకు చేరునది 2.5 జౌలులే! బిళ్లకు అల్యూమినియపు రెక్కలు తగిలించినచో ఆ వేడి గాలిలోనికి త్వరగా పోవును, బిళ్ల చల్లబడును. కాని పుట్టు వేడి తగ్గదు. 12 వోల్టులకు మారుగా 9 వోల్టులే ఇచ్చినచో పుట్టునది 2 జౌలులకు దిగును. పుట్టిన వేడిని మాయము చేయలేము. తొలగింపవచ్చును, లేదా పుట్టకుండ చూచుకొనవచ్చును.

తన మాటను లోకము వినని నాళ్లలో జౌల్ కోపింపలేదు, పని మానలేదు. మరల మరల కొలిచెను. ఆ ఓర్పే ఆతని కీర్తికి పునాది.