అక్షరానికి గొంతునిచ్చిన తల్లి



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో కుటుంబ సందర్శనకు వెళ్ళినప్పుడు ఒక మాట తరచుగా వినవలసి వస్తుంది. ఒడిలో చేట పెట్టుకొని బీడీలు చుట్టే తల్లి, సాంచెల మీద పని ముగించుకొని వచ్చిన తండ్రి, కొడుకు గల్ఫుకు పోతే మనుమలను సాకుతున్న అవ్వ, అందరూ ఒకటే అంటారు. తమకే సరిగా చదువు రాదు కనుక పిల్లలకు అక్షరాలు నేర్పడం తమ వల్ల కాదంటారు. మీరూ అలా అనుకుంటున్నారా? అయితే ఈ వారం ఒక కతోలిక స్త్రీ జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. ఆమె మరియా మాంటిస్సోరి. ఎన్నో బడుల బోర్డుల మీద ఆ పేరు మీరు చూసే ఉంటారు.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లెలో జన్మించారు. ఆడపిల్లలకు వైద్యవిద్య తగదనుకునే ఆ రోజుల్లో, 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి డాక్టరుగా బయటికి వచ్చారు. బుద్ధిమాంద్యం గల పిల్లలను పిచ్చాసుపత్రులలో పడవేసి మరచిపోయే కాలమది. ఆమె అలాంటి పిల్లలను చేరదీసి చదవడం, రాయడం నేర్పారు. వారిలో కొందరు మామూలు పిల్లలతో సమానంగా పరీక్షలో నెగ్గారు. లోకం అద్భుతమని మెచ్చుకుంది. ఆమెను మాత్రం మరో ప్రశ్న వేధించింది. వీరికే ఇంత సాధ్యమైతే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు బడిలో ఎందుకు వెనకబడుతున్నారు?

ఇక్కడ ఒక బాధాకరమైన సంగతి దాచకుండా చెప్పాలి. 1898లో, వివాహం కాకుండానే, ఆమెకు మారియో అనే కుమారుడు పుట్టాడు. సంఘానికి భయపడి బిడ్డను పల్లెలో ఒక కుటుంబం వద్ద ఉంచారు. ఊరివారి పిల్లలకు అక్షరాలు నేర్పిన ఆ చేతులకు, సొంత బిడ్డ చేయి పట్టి దిద్దించే భాగ్యం లేకపోయింది. తీర్పు చెప్పడానికి మనమెవరం? దూరాన ఉన్న బిడ్డను తలచుకొని కన్నీరు పెట్టుకునే తల్లిదండ్రులు మన విచారణలలోనూ ఉన్నారు.

1907 జనవరి 6న, క్రీస్తు సాక్షాత్కార పండుగ రోజున, రోములోని సాన్ లొరెంజో అనే పేదల వాడలో ఆమె చిన్నపిల్లల బడి తెరిచారు. తల్లిదండ్రులు కూలికి పోతే వీధుల పాలయ్యే పిల్లలు వారు. ఆ తల్లులలో చాలామందికి చదువు రాదు. వారే వచ్చి తమ బిడ్డలకు అక్షరాలు నేర్పమని బతిమాలారు. చెక్కతో అక్షరాలు చేయించాలనుకుంటే కుదరలేదు. అందుకని వడ్రంగులు కర్ర నునుపు చేసే గరుకు కాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి, అట్టల మీద అంటించారు. పిల్లవాడు వేలితో ఆ అక్షరాన్ని తడుముతూ దాని శబ్దం పలకాలి. పేరు కాదు, శబ్దం. తరువాత విడి అక్షరాలను పక్కపక్కన పేర్చి మాట కూర్చాలి. ఒక డిసెంబరు రోజున, మేడ మీద సుద్దముక్కతో బొమ్మ గీస్తున్న అయిదేళ్ళ బాలుడు చెయ్యి అనే మాటను తానే రాసి, సంతోషం పట్టలేక కేకలు వేశాడు. చదవడానికి ముందే రాత వచ్చేసింది!

ఇందులో కిటుకు చిన్నదే. ఇంగ్లీషులో పీ, ఐ, ఎన్ అని పేర్లు ఎంత వల్లించినా ‘పిన్’ అనే మాట రాదు. ప్, ఇ, న్ అని శబ్దాలు కలిపితే వస్తుంది. మన తెలుగులోనైతే అక్షరం పేరే దాని శబ్దం. క, మ, ల వచ్చిన బిడ్డ ఆ రోజే ‘కమల’ అని చదవగలదు. అక్షరమాల మొత్తం ఒకేసారి రుద్దకండి. పళ్ళెంలో ఇసుక పోసి, రోజుకు రెండు అక్షరాలు వేలితో రాయిస్తూ పలికించండి. ‘మ’తో మొదలయ్యే వస్తువులు ఇంట్లో వెదికించండి. గుణింతాలు, ఒత్తులు తరువాత ఒక్కొక్కటిగా వస్తాయి. కొట్టవద్దు, తిట్టవద్దు. పది నిమిషాలు చాలు. మీ బిడ్డకు సిలువ గుర్తు ఎలా నేర్పారు? చేయి కదిలిస్తూ, నోటితో పలికిస్తూ నేర్పారు కదా! అక్షరమూ అంతే.

మారియో మాటకు వద్దాం. 1913లో, అతనికి పదిహేనేళ్ళ వయసులో, ఆమె కొడుకును తన దగ్గరకు తెచ్చుకున్నారు. లోకానికి మేనల్లుడనీ పెంపుడు కొడుకనీ చెప్పుకున్నా, అప్పటినుండి అతడే ఆమెకు కుడిభుజమయ్యాడు. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఇద్దరూ మద్రాసు దగ్గరి అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించారు. 1940లో ఇటలీ యుద్ధంలో దిగగానే ఆంగ్ల ప్రభుత్వం మారియోను నిర్బంధించింది. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజుకు వైస్రాయి ఆ కొడుకును కానుకగా విడిచిపెట్టాడు. 1946 వరకు మన దేశంలోనే ఉండి, వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులను ఆమె తీర్చిదిద్దారు. దివ్యబలిపూజను పిల్లలకు వివరించే పుస్తకం కూడా 1932లో వెలువరించారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నోర్డ్‌వైక్‌లో కన్నుమూశారు. అక్కడి కతోలిక సమాధుల తోటలోనే ఆమెను ఖననం చేశారు.

ప్రియ పాఠకులారా, పదిహేనేళ్ళు దూరమైన బిడ్డను ఆమె తిరిగి దగ్గరకు తీసుకోగలిగారు. మనకూ ఆలస్యం కాలేదు. చదువు రాని అమ్మ బిడ్డ పక్కన కూర్చుని, బడిలో నేర్చినది తనకూ పలికి చూపమంటే చాలు, ఇద్దరూ నేర్చుకుంటారు. గల్ఫులో ఉన్న నాన్న ఫోనులో బాగున్నావా అని అడిగి ఊరుకోక, ఈ రోజు చదివిన మాట ఒకటి పలికించుకుంటే ఆ బిడ్డకు ఎంత బలం! ఈ ఆదివారం పూజ నుండి ఇంటికి వెళ్ళాక, పళ్ళెంలో గుప్పెడు ఇసుక పోయండి. బాలయేసుకు మాటలు నేర్పిన మరియతల్లి మీకు తోడుండునుగాక.